పాత బండి, కారే కూలెంటు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఎండలు ముదిరేసరికి రేడియేటర్, అందులో తిరిగే కూలెంటు (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) గురించిన ఉత్తరాలు ఎక్కువయ్యాయి. ఒడిశా వైపు రాయగడ, కొరాపుట్, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం నుంచి, మహారాష్ట్ర వైపు బల్లార్షా, సిరొంచ, ధర్మాబాద్, కిన్వట్ నుంచి వచ్చినవాటిలో ఒకే రకం ప్రశ్నలు కలిపేసి జవాబులిస్తున్నాం. ఇకమీదట రాసేవాళ్లు బండి పేరుతో పాటు మోడల్ సంవత్సరం, కారడం ఇంజన్ వేడిగా ఉన్నప్పుడా చల్లగా ఉన్నప్పుడా అన్న సంగతి కూడా రాయండి. సగం జవాబు అందులోనే ఉంటుంది.

ప్రశ్న: మాది 2009 మోడల్ డీజిల్ జీపండి. వారానికి అరలీటరు కూలెంటు తగ్గిపోతంది. కింద సూస్తే సుక్క లేదు. మిస్త్రీ రేడియేటర్ మార్చీమంటన్నాడు. మార్చీమంటారా? (రాయగడ)

జవాబు: ఇప్పుడే వద్దు. ఎక్కడ కారుతోందో వేలు పెట్టి చూపించలేనప్పుడు చెప్పే మరమ్మతు అంచనాయే తప్ప నిర్ధారణ కాదు. ముందు లెక్క చూడండి. ఒక చుక్క సుమారు 0.05 మి.లీ. ఐదు సెకన్లకొక చుక్క పడితే గంటకు 36 మి.లీ. పోతుంది. రోజుకు రెండు గంటలు తిరిగే బండికి వారంలో సరిగ్గా మీరన్న అరలీటరు. అంత చిన్న చుక్క వేడి ఇంజన్ మీద పడితే నేలదాకా రాదు, అక్కడే ఆవిరైపోతుంది. కాబట్టి నేల సంగతి వదిలి ఇంజన్ చూడండి.

పొద్దున్నే, బండి తియ్యకముందు, టార్చి లైటు, చిన్న అద్దం ముక్క పట్టుకుని బోనెట్ ఎత్తండి. నీరు ఆవిరైనా కూలెంటులోని రంగు, రసాయనం అక్కడే మిగిలిపోతాయి. ఆకుపచ్చ కూలెంటయితే సున్నం కొట్టినట్టు లేత పచ్చ పొక్కు, ఎర్రదైతే కుంకుమ చెరిగినట్టు గులాబీ మరక, ఉత్త నీళ్లే పోస్తుంటే తుప్పు చార. హోస్ పైపుల కొసలు, రేడియేటర్ ట్యాంకుకీ జాలీకీ (సన్నటి ట్యూబులు, రెక్కలు ఉండే భాగం) మధ్య అతుకు, వాటర్ పంపు కింది భాగం, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు) మూత, ఇంజన్ బ్లాకు పక్కన రూపాయి బిళ్లల్లా ఉండే కోర్ ప్లగ్గులు, క్యాబిన్‌లోకి పోయే హీటర్ పైపులు వరసగా చూడండి. ఒక్క సూత్రం గుర్తుంచుకోండి: నీరు కిందికి జారుతుంది, ఫ్యాను గాలికి వెనక్కి కూడా చిమ్ముతుంది. చుక్క రాలేది ఒకచోట, కారేది ఇంకోచోట. తడి కనిపించిన జాగాలన్నిటిలో అన్నిటికన్నా పైనున్నదే అసలు చోటు. నమ్మకం కుదరకపోతే అనుమానం ఉన్న భాగాన్ని గుడ్డతో పొడిగా తుడిచి పైన ముఖానికి రాసుకునే పౌడరు చల్లండి. తెల్లటి పౌడరు మీద తడి చార గీత గీసినట్టు కనిపిస్తుంది.

దీనికి తేలకపోతే ప్రెషర్ టెస్టర్ పెట్టించండి. సైకిల్ పంపులాంటి చేతి పంపు, దానికి మీటరు. రేడియేటర్ మూత తీసి ఆ స్థానంలో బిగిస్తారు. ఇంజన్ చల్లగా ఉండాలి, నీళ్లు నిండుగా ఉండాలి. మూత మీద ఎంత అంకె ఉందో అంతవరకే గాలి కొట్టాలి. 0.9 అని ఉంటే 0.9 బార్, అంటే సుమారు 13 పీఎస్‌ఐ. ఇంకాస్త కొడితే తొందరగా తేలుతుందని కొందరు రెండు బార్లదాకా ఎక్కిస్తారు. పాత రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అక్కడే చిట్లి, లేని జబ్బు తెచ్చిపెడుతుంది. కొట్టాక పది నిమిషాలు ముల్లు కదలకూడదు. ముల్లు దిగుతోంది, బయట ఎక్కడా తడి లేదు అంటే నీళ్లు లోపలికి పోతున్నాయి: హీటర్‌లోకి, ఆయిల్‌లోకి, లేదా సిలిండర్‌లోకి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఇంజన్ వేడిగా ఉండగా చూడటం. వేడికి లోహం, రబ్బరు వ్యాకోచించి సన్నటి సందులు మూసుకుపోతాయి. చలికాలం పొద్దున కారి, పది కిలోమీటర్లు నడిచాక ఆగిపోయే కారుడు కొరాపుట్, సెమిలిగుడ వైపు బళ్లలో ఎక్కువ. దానికి చాలావరకు పైపు కొసను బిగించే క్లిప్పే కారణం.

పరికరం దొరకని చోట: బండిని మామూలు వేడికి తెచ్చి ఆపండి, మూత ముట్టుకోకుండా పది నిమిషాలు టార్చితో వెతకండి. ఆపిన వెంటనే పంపు తిరగదు కాబట్టి ఇంజన్‌లో వేడి ఇంకొంచెం పెరుగుతుంది, ఒత్తిడీ పెరుగుతుంది. దాగున్న కారుడు అప్పుడు బయటపడుతుంది. ఎలక్ట్రిక్ ఫ్యాను ఉంటే ఇంజన్ ఆగాక కూడా దానంతటదే తిరగొచ్చు, చేతులు దూరం.

మీ వర్ణనకు మా మొదటి అనుమానం రేడియేటర్ మీద కాదు, హోస్ కొసల మీద. పైపును క్లిప్పు పక్కన బొటనవేలితో నొక్కండి. లోపల కరకరలాడితే పొర పగిలిందని అర్థం. మెత్తగా ఉబ్బి జిడ్డుగా ఉంటే ఆయిల్ తగిలి పాడైంది. రెండూ మార్చాల్సినవే. కొస మాత్రమే చీలి, పొడవు సరిపోతుంటే రెండు సెంటీమీటర్లు కోసేసి మళ్లీ తొడగొచ్చు. తొడిగే ముందు లోహపు మూతిని నున్నటి ఎమరీ కాగితంతో రుద్ది పాత రబ్బరు, పొక్కు పోగొట్టండి. గ్రీజు, గమ్ము, షెల్లాక్ ఏదీ పూయొద్దు, నీళ్లతో తడిపితే చాలు. మూతి చివర చిన్న గట్టు ఉంటుంది. క్లిప్పు ఆ గట్టు దాటి లోపలివైపు కూర్చోవాలి, గట్టు మీద కాదు. క్లిప్పు కన్నాల్లోంచి రబ్బరు పైకి ఉబికిందంటే బిగింపు ఎక్కువైనట్టే. ఒకసారి బండి వేడెక్కి చల్లారాక మళ్లీ అరచుట్టు బిగించండి. క్లిప్పు దొరకలేదని కట్టుడు తీగ చుట్టే అలవాటు మానండి, అది రబ్బరును కత్తిలా కోస్తుంది. రెండు పైపులు, నాలుగు క్లిప్పులు ఒకేసారి మార్చడం మేలు. రాయగడలో మీ మోడల్‌వి దొరక్కపోతే విజయనగరంలో దొరుకుతాయి. పాత పైపు చేతపట్టుకుని వెళ్లండి, వంపు సరిపోవాలి. కింది పైపులో స్ప్రింగు ఉంటే దాన్ని కొత్త పైపులోకి మార్చడం మరవకండి. పంపు లాగుడుకి పైపు నొక్కుకుపోయి అతుక్కుపోకుండా ఆపేది అదే.

ప్రశ్న: ఇంజన్ వేడిగా ఉంటే ప్లాస్టిక్ సీసాలో కూలెంటు పైగీత దాకా వస్తంది, పొద్దున్నకి కిందగీత దగ్గరకి దిగిపోతంది. ఇది కారుడేనా? (పర్లాకిమిడి)

జవాబు: కాదు, అలాగే ఉండాలి. వేడికి కూలెంటు నూటికి నాలుగు పాళ్లదాకా ఉబ్బుతుంది. ఆరు లీటర్లు పట్టే బండిలో పావు లీటరు సీసాలోకి వచ్చి, చల్లారాక వెనక్కి పోతుంది. ఎప్పుడూ పొద్దున చల్లని ఇంజన్ మీదే గీత చూడండి. సీసాలోకి వచ్చి వెనక్కి పోకుండా, రేడియేటర్ మాత్రం ఖాళీ అవుతుంటే మూత చెడింది. దాని సంగతి కింది జవాబులో.

ప్రశ్న: సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కేటప్పుడు మా పాత టాక్సీ రెండో గేరులో మరిగిపోయి మూత దగ్గర కక్కేస్తంది. కొరాపుట్ చేరేక ఊళ్లో తిరిగితే ఏటీ లేదు. హెడ్ ప్యాకింగ్ పోయిందంటన్నారు. (కొరాపుట్)

జవాబు: ప్యాకింగ్, అంటే ఇంజన్ బ్లాకుకీ పైనున్న హెడ్డుకీ మధ్య పొర, పోయి ఉండొచ్చు, పోకపోవచ్చు. హెడ్ దింపే ముందు చేతికి అందేవి చూడండి.

మొదటిది మూత. రేడియేటర్ మూత అంటే ఉత్త బిరడా కాదు, అందులో రెండు వాల్వులున్నాయి. పెద్ద స్ప్రింగుది ఒత్తిడి నిలబెడుతుంది, మధ్యలోని చిన్నది చల్లారాక సీసాలోంచి నీళ్లు వెనక్కి లాగనిస్తుంది. కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు. అక్కడ తెరిచి ఉన్న గిన్నెలో నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. 0.9 మూత సరిగా పట్టి ఉంచితే అవే నీళ్లు 117 డిగ్రీల దాకా మరగవు. అంటే మూత చెడితే మీ చేతిలోంచి జారిపోయేది 20 డిగ్రీల వెసులుబాటు. ఘాటీలో ఆ 20 డిగ్రీలే బండిని పైకి చేరుస్తాయి. మూత లోపలి రబ్బరు గట్టిపడిందా, అంచు చిట్లిందా, చిన్న వాల్వును గోటితో లాగితే తిరిగి మూసుకుంటోందా చూడండి. చల్లారాక పై హోస్ లోపలికి కుంగిపోయి కనిపిస్తే చిన్న వాల్వు పని చేయడం లేదు. కొత్తది కొనేటప్పుడు అదే అంకె చూసుకోండి. కొన్నిటి మీద 88 అని ఉంటుంది, అది కిలోపాస్కల్ లెక్క, 0.9తో సమానం. 108 అంటే 1.1. ఎక్కువ అంకెది పెడితే మంచిదనుకోవద్దు, పాత జాలీ తట్టుకోదు.

రెండోది గాలి. జాలీ ముందు ఊక, పురుగులు, ఎర్రమట్టి పేరుకుంటే ఊళ్లో తెలియదు, ఎక్కుడులో తెలుస్తుంది. ఇంజన్ వైపు నుంచి బయటికి, మెల్లటి నీటి ధారతో కడగండి. సర్వీసింగ్ గన్ను దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోయి గాలి దారి ఇంకా మూసుకుంటుంది. ఫ్యాను బెల్టును రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు దిగాలి. అంతకంటే వదులుంటే ఫ్యానూ, పంపూ రెండూ జారతాయి.

మూడోది థర్మోస్టాట్. మన వైపు దాన్ని తీసి పారేయడం ఆచారమైపోయింది. అది లేకపోతే ఇంజన్ చల్లగా నడుస్తుందన్నది సగం నిజం. కొన్ని ఇంజన్లలో అది తెరుచుకుంటూనే బైపాస్ దారిని మూస్తుంది. తీసేస్తే సగం నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఇంజన్‌లోనే చుట్టూ తిరుగుతాయి, ఎక్కుడులో ఇంకా మరుగుతాయి. డీజిల్ బళ్లలో చల్లటి ఇంజన్ అరుగుదలా పెంచుతుంది. దాన్ని పరీక్షించడం తేలిక: దారంతో గిన్నెలోని నీళ్లలో వేలాడదీసి వేడి చేయండి, థర్మామీటరు పెట్టండి. దాని మీద 82 అని ఉంటే ఆ ప్రాంతంలో తెరుచుకోవడం మొదలై, 95 వచ్చేసరికి ఎనిమిది మిల్లీమీటర్లయినా లేవాలి. లేవకపోతే మార్చండి.

ఇవన్నీ బాగుండి కూడా మరిగితే అప్పుడు హెడ్ ప్యాకింగ్. చల్లని ఇంజన్‌లో మూత తీసి, నీళ్లు మూతిదాకా నింపి, స్టార్ట్ చేసి చూడండి. మొదట్లో నాలుగు బుడగలు మామూలే. ఆగకుండా వరసగా బుడగలొస్తున్నా, మూత పెట్టి స్టార్ట్ చేసిన నిమిషంలోపే, ఇంజన్ ఇంకా వేడెక్కకముందే పై హోస్ రాయిలా గట్టిపడినా సిలిండర్ గ్యాసు నీళ్లలోకి వస్తోందన్నమాట.

దారిలో డాష్‌బోర్డు మీద ఇంజన్ వేడి చూపే ముల్లు ఎరుపు దగ్గరకు పోతుంటే ఏసీ ఆపండి, హీటర్ ఫుల్లుగా పెట్టండి, చెమటలు పట్టినా సరే. అది మీకున్న రెండో రేడియేటర్. ఆవిరి కక్కుతుంటే పక్కకు తీసి ఇంజన్ ఆపి, మూత జోలికి పోకుండా 40 నిమిషాలు కూర్చోండి. తడి గోనెసంచి కప్పి, మొదటి గాడి దాకా మాత్రమే తిప్పి ఆవిరి పోనిచ్చాకే పూర్తిగా తీయండి. వాగు నీళ్లు తెచ్చి కాలుతున్న ఇంజన్‌లో గుమ్మరిస్తే హెడ్డు పగులుతుంది. చల్లారాక, యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఐడిలింగ్‌లో ఉంచి, సన్నగా పోయండి.

ప్రశ్న: రేడియేటర్ల పసుపు పోస్తే నీళ్లు కారుడు ఆగుతదంటున్నరు. దుకాణంల అమ్మే పౌడర్ అయితే ఇంకా మంచిదట. నిజమేనా? (బల్లార్షా)

జవాబు: ఆగుతుంది. అబద్ధం కాదు. పసుపు నలుసులు నీళ్లతో పాటు తిరుగుతూ, సూది మొనంత రంధ్రం దగ్గర బయటికి రాబోయి అక్కడే ఉబ్బి ఇరుక్కుంటాయి. చిక్కేమిటంటే ఏది రంధ్రం, ఏది రేడియేటర్ ట్యూబు అన్నది పసుపుకు తెలియదు. జాలీలోని ట్యూబుల లోపలి సందు రెండు మిల్లీమీటర్ల ప్రాంతం, హీటర్‌లో ఇంకా సన్నం. ఇప్పటికే సున్నం పట్టిన ట్యూబుల్లోకి పసుపు వేస్తే కారుడు ఆగి మరుగుడు మొదలవుతుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే చంద్రపూర్ జిల్లాలో ఏది మేలో మీరే తేల్చుకోండి. నడిరోడ్డు మీద ఇల్లు చేరడానికైతే రెండు చెంచాల పసుపు గోరువెచ్చని నీళ్లలో కలిపి పోయండి, మరుసటి రోజే మొత్తం దింపి కడిగించండి. దుకాణం పౌడరూ అదే జాతి.

అసలు మరమ్మతు మీ రేడియేటర్ దేనితో చేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. పాత జీపులు, అంబాసిడర్లలో ఉండే రాగి, ఇత్తడి రేడియేటర్‌కు సోల్డరు పడుతుంది. ఒకటి రెండు ట్యూబులు పూర్తిగా పోతే వాటి రెండు కొసలూ నొక్కి సోల్డరుతో మూసేసి మిగతావాటితో నడపొచ్చు. నాలుగైదు దాటితే కొత్త జాలీయే. అల్యూమినియం జాలీ, ప్లాస్టిక్ ట్యాంకు ఉన్నవాటికి ఈ సోల్డరు పట్టదు. చాలామంది ఎం-సీల్ పూస్తారు. అది ఆరేదాకా బాగానే ఉంటుంది. ప్లాస్టిక్ వేడికి సాగినంత అది సాగదు, పైగా కూలెంటు జిడ్డు ఉన్నచోట అసలు అతుక్కోదు, నెలలో ఊడుతుంది. ట్యాంకు అతుకు దగ్గర మాత్రమే కారుతుంటే మడిచిన అల్యూమినియం పళ్లు విప్పి లోపలి రబ్బరు మార్చి మళ్లీ మడవగల పనివాళ్లున్నారు. ఆ పళ్లు ఒకసారికి తట్టుకుంటాయి, రెండోసారికి విరుగుతాయి. ప్లాస్టిక్ ట్యాంకే చిట్లితే మాత్రం మార్చండి.

పని అయ్యాక షాపువాడిని ఒకటి అడగండి: రెండు మూతులూ మూసి, తొట్టి నీళ్లలో ముంచి, ఒక బార్ గాలి పెట్టి చూపించమనండి. ఒక్క బుడగ వచ్చినా తీసుకోవద్దు. బండిలో బిగించాక కారితే గొడవ పడాల్సి వస్తుంది.

ప్రశ్న: వాటర్ పంపు కింద చిన్న కన్నంలోంచి చుక్కలు పడుతున్నాయి. ఆ కన్నంలో స్క్రూ బిగించి మూసేయొచ్చా? ఆరు నెలల కిందటే పంపు మార్చాం. (బరంపురం)

జవాబు: మూయకండి. ఆ కన్నం కావాలనే పెట్టింది. పంపు ఇరుసు మీద ముందు బేరింగు, వెనక నీళ్లను ఆపే సీలు ఉంటాయి, రెండింటి మధ్య ఖాళీకి దారి ఆ కన్నం. సీలు పోయినప్పుడు నీళ్లు బేరింగులోకి వెళ్లకుండా బయటికి పడాలని. మూస్తే గ్రీజు కొట్టుకుపోయి బేరింగు పట్టేస్తుంది, బెల్టు తెగుతుంది, ఒక్కోసారి ఫ్యాను వెళ్లి జాలీని కోస్తుంది. కొత్త పంపు మొదటి రోజుల్లో ఒకటి రెండు చుక్కలు వేసి ఆగడం మామూలు. ఆరు నెలలకు చుక్కలంటే పంపు పోయినట్టే.

ఆరు నెలలకే ఎందుకు పోయిందన్నది అసలు ప్రశ్న. ఉత్త నీళ్లు పోస్తే సీలు ముఖానికి జారుడు ఉండదు, తుప్పు నలుసు దాన్ని ఉప్పు కాగితంలా గీరుతుంది. బెల్టు మరీ బిగిస్తే బేరింగు ఒకవైపు అరిగి ఇరుసు ఊగుతుంది. ఫ్యాను రెక్క ఒకటి విరిగినా అంతే. ఇంజన్ ఆపి, ఫ్యానును చేత్తో ముందుకూ వెనక్కీ ఊపితే ఆట తెలుస్తుంది. కొత్తది బిగించేటప్పుడు పాత ప్యాకింగ్ కాగితాన్ని పూర్తిగా గీకెయ్యండి, అల్యూమినియం ముఖం గీతలు పడకుండా. కాగితపు ప్యాకింగ్ ఉంటే గమ్ము అక్కర్లేదు. గమ్మే వాడాల్సిన చోట రెండు మూడు మిల్లీమీటర్ల దారంలా వేయాలి, దోసెపిండిలా పరవకూడదు. లోపలికి ఊడిన ముక్క నేరుగా జాలీకి వెళ్లి అడ్డుకుంటుంది. గంటసేపు ఆరనిచ్చాకే నీళ్లు.

ప్రశ్న: ట్రాక్టర్ ఇంజన్ ఆయిల్ చాయ్ లెక్క తెల్లగైంది. రేడియేటర్ల నీళ్లు తక్కువైతున్నయ్. హెడ్ ప్యాకింగ్ రెండు సార్లు మార్పిచ్చినం, మల్ల గదే. ఏం జెయ్యాలె? (సిరొంచ)

జవాబు: ముందు నడపడం ఆపండి. నీళ్లు కలిసిన ఆయిల్ బేరింగులను ఒక్క సీజనులో తినేస్తుంది. ఎన్ని నీళ్లు దిగాయో తెలియాలంటే బండిని రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున ఛాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కింది బోల్టును మెల్లగా, పూర్తిగా తీయకుండా, రెండు చుట్లు వదులు చేయండి. నీరు ఆయిల్ కన్నా బరువు. నీళ్లుంటే మొదట నీళ్లే బొట్లుగా వచ్చి, తర్వాత ఆయిల్ మొదలవుతుంది.

రెండుసార్లు ప్యాకింగ్ మార్చినా అదే వరస అంటే మా అనుమానం స్లీవ్ (పిస్టన్ కదిలే గొట్టం) కింది రబ్బరు రింగుల మీద. వెట్ లైనర్ ఇంజన్లలో స్లీవ్ బయటి ముఖానికి నేరుగా నీళ్లు తగులుతుంటాయి, ఆ నీళ్లు ఛాంబర్‌లోకి దిగకుండా ఆపేవి కింద ఉన్న ఆ రింగులే. తేల్చుకోవడానికి హెడ్డు దింపక్కర్లేదు. ఛాంబర్ విప్పి కింద పాత వార్తాపత్రికలు పరచండి, రేడియేటర్‌లో నీళ్లు నింపి, టెస్టర్‌తో మూత అంకె దాకా ఒత్తిడి పెట్టండి. టార్చితో ఒక్కొక్క స్లీవ్ అడుగు అంచు చూడండి. ఏ స్లీవ్ చుట్టూ చుక్క కడుతుందో అదే. స్లీవ్ లోపలి గోడ మీదుగా, పిస్టన్ పక్క నుంచి దిగుతుంటే పైనుంచి, అంటే ప్యాకింగ్ లేదా హెడ్డు పగులు. అంచు పొడిగా ఉండి, ఒత్తిడి మాత్రం తగ్గుతుంటే నీళ్లతో నడిచే ఆయిల్ కూలర్ ఉందేమో చూడండి.

స్లీవ్ బయటికి తీశాక వెనకవైపు చూడండి. పిస్టన్ కొట్టే వైపు నిలువునా సూదితో గుచ్చినట్టు గుంటలుంటాయి. స్లీవ్ అదురుడుకు నీళ్లలో బుడగలు పుట్టి పేలుతూ ఇనుమును పెకలిస్తాయి. కూలెంటులోని రసాయనం స్లీవ్ మీద పొరలా నిలిచి దీన్ని ఆపుతుంది, ఉత్త బోరు నీళ్లు ఆపలేవు. గుంట లోతుగా ఉంటే రింగులు మార్చి లాభం లేదు, స్లీవే మార్చాలి. రింగులు ఎక్కించే గాడిలో సున్నం, తుప్పు మొత్తం గీకండి, సబ్బు నీళ్లు రాసి మెలిక పడకుండా తొడగండి, ఒక్క దెబ్బతో కొట్టకుండా సమంగా నొక్కండి.

ఇక ప్యాకింగ్ రెండుసార్లు ఎందుకు పోయింది? హెడ్డు ముఖం చదునుగా ఉందో లేదో (ఫేసింగ్) చూడకుండా ఎక్కించి ఉంటారు. హెడ్డు మీద తిన్నని ఉక్కు స్కేలు నిలువునా, అడ్డంగా, ఐమూలగా పెట్టి కింద 0.05 మి.మీ. ఫీలర్ (సందు కొలిచే సన్నటి రేకు) దూర్చండి. దూరితే లేత్ షాపులో ఫేసింగ్ పట్టించాలి. బోల్టు గుంతల్లో నీళ్లు, ఆయిల్ ఉండిపోతే బోల్టు అడుగు తగలకముందే టార్కు (బిగింపు బలం) వచ్చినట్టు చూపిస్తుంది, గట్టిగా తిప్పితే బ్లాకే పగలొచ్చు. గుడ్డ పెట్టి పీల్చి ఆరబెట్టండి. మధ్య బోల్టుతో మొదలుపెట్టి బయటికి, మూడు దఫాలుగా, మాన్యువల్ చెప్పిన టార్కుతో బిగించాలి. ‘చేతి అందాజు’ ఇక్కడ పనికిరాదు. అంతా అయ్యాక చౌక ఆయిల్, కొత్త ఫిల్టరు వేసి పావుగంట ఖాళీగా నడిపి మొత్తం దింపేసి, అప్పుడు మంచి ఆయిల్ పోయండి.

ప్రశ్న: ఏ రంగు కూలెంటు పొయ్యాలె? మా దగ్గర బోరు నీళ్లే దొరుకుతయ్. ఎంతకెంత కలపాలె? (ధర్మాబాద్, కిన్వట్ నుంచి ఇద్దరు)

జవాబు: రంగు అద్దకం మాత్రమే, జాతి కాదు. డబ్బా మీద కూలెంటు నాణ్యత ప్రమాణం ఐఎస్ 5759 లేదా జేఐఎస్ కె 2234 ఉందా చూడండి. ఇంతకుముందు ఏది ఉందో తెలియకపోతే కలపొద్దు. పాత ఆకుపచ్చ రకం, కొత్త ఆర్గానిక్ ఆసిడ్ రకం కలిస్తే తుప్పును ఆపే గుణం పోతుంది, కొన్నిసార్లు జిగురు కడుతుంది. మొత్తం దింపి కడిగి ఒకే రకం పోయండి. పాత రకం రెండేళ్లకు, ఆర్గానిక్ రకం డబ్బా చెప్పినంత కాలానికి మార్చాలి.

బోరు నీళ్లు వద్దే వద్దు. టీ గిన్నె అడుగున కట్టే తెల్ల పొరే ఇంజన్‌లోనూ కడుతుంది. పెట్రోల్ బంకుల్లో, బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. బ్యాటరీ యాసిడ్ డబ్బా కూడా అక్కడే, అదే సైజులో ఉంటుంది, చదివి తీసుకోండి. ‘రెడీ టు యూజ్’ అని ఉంటే నీళ్లు కలపకూడదు. 1:3 అని ఉంటే ఒక పాలు కూలెంటు, మూడు పాళ్లు నీళ్లు. ఆరు లీటర్ల బండికి లీటరున్నర కూలెంటు, నాలుగున్నర లీటర్ల నీళ్లు. ఇక్కడొక కిటుకు: కడిగి దింపినా బ్లాకులో లీటరు, లీటరున్నర నీళ్లు మిగిలిపోతాయి. ముందే కలిపి పోస్తే పలచబడుతుంది. ఆ లీటరున్నర కూలెంటు మొత్తం ముందు పోసేసి, మిగతా చోటు నిండేదాకా నీళ్లు పోయండి.

సున్నం ఎక్కువగా ఉంటే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), లీటరు నీళ్లకు 50 గ్రాములు, పోసి ఇంజన్ మామూలు వేడి వచ్చాక ఇరవై నిమిషాలు నడిపి దింపండి, తేట నీళ్లు వచ్చేదాకా మూడుసార్లు కడగండి. బాత్రూం యాసిడ్, కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని కరిగిస్తాయి. ఇంకో మాట: బాగా పాతబడ్డ జాలీలో రంధ్రాన్ని మూసి ఉంచింది ఆ సున్నమే కావచ్చు. కడిగిన వారానికి కారితే కడగడం తప్పనుకోకండి.

నింపాక గాలి తీయాలి. ముందు చక్రాలు ఎత్తుగా ఉండేలా నిలిపి, హీటర్ వేడి వైపు పూర్తిగా తిప్పి, మూత తీసి ఉంచి ఐడిలింగ్‌లో నడపండి. థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం గభాలున దిగుతుంది, అప్పుడు నింపి మూత పెట్టండి. మరుసటి పొద్దున మళ్లీ చూడండి.

ప్రశ్న: కారు లోపల తియ్యటి వాసన, అద్దం లోపలివైపు జిడ్డు ఆవిరి, ఎడమ సీటు కాళ్ల దగ్గర తడి. (గుణుపురం)

జవాబు: హీటర్ జాలీ. ఏసీ నీళ్లకు రంగు, వాసన, జిడ్డు ఉండవు, వేళ్ల మధ్య రుద్ది చూడండి. మార్చాలంటే చాలా కార్లలో డాష్‌బోర్డు విప్పాలి. అప్పటిదాకా బోనెట్ కింద హీటర్‌కు పోయే రెండు పైపులనూ అక్కడ విప్పి, ఒకే సైజు పైపు ముక్కతో ఒకదానికొకటి కలిపేయండి. రెండు కొసలూ విడివిడిగా మూయొద్దు, కొన్ని ఇంజన్లకు ఆ దారిలో నీరు తిరగాలి.

ప్రశ్న: కారిన కూలెంటును మా కుక్క నాకింది. ఏమైనా అవుతుందా? (పర్లాకిమిడి)

జవాబు: అవుతుంది, ఆలస్యం చేయకండి. కూలెంటులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, అందుకే జంతువులు నాకుతాయి. పది కిలోల కుక్కకు నీళ్లు కలపని కూలెంటు 50 మి.లీ. లోపే ప్రాణం తీయొచ్చు, పిల్లికి ఇంకా తక్కువ చాలు. మొదట మత్తుగా తూలుతుంది, తర్వాత కోలుకున్నట్టే కనిపిస్తుంది, ఆలోపు కిడ్నీలు పాడవుతాయి. కోలుకుందని ఊరుకోకుండా మొదటి గంటల్లోనే డబ్బాతో సహా పశువుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. నేల మీద పడినదాని మీద ఇసుకో, రంపపు పొట్టో పోసి ఎత్తి, ఆ చోటు నీళ్లతో కడగండి. బండి కింద తట్ట పెట్టి దింపిన పాత కూలెంటును మూత ఉన్న డబ్బాలో పోసి పేరు రాసి పెట్టండి. కూల్‌డ్రింకు సీసాలో మాత్రం వద్దు, ఇంట్లో పిల్లలు తాగేస్తారు.